చిన్న కుక్కకు కాలర్: ఏది కొనాలి, ఎలా అలవాటు చేయాలి

కుక్కపిల్లకు కాలర్ కావాలని దుకాణంలో అడిగితే, ఏ రంగు చూపించమంటారు అన్నదే మొదటి ప్రశ్న. ఆ తర్వాత ధర. ఆ కాలర్‌తో మీకు ఏం పని అని మాత్రం ఎవరూ అడగరు. పేరు, ఫోను నంబరు చెక్కిన బిళ్ల వేలాడదీయడానికా? తాడు తగిలించి వీధిలో తిప్పడానికా? పగలంతా గేటు పక్కన కట్టేయడానికా? పాతిక ముప్పై కిలోల లాబ్రడార్‌కైతే ఒకే బెల్టు కొని మొదటి రెండు పనులూ నడిపించేయవచ్చు. మూడు కిలోల పొమేరియన్‌తో అది కుదరదు.

నా సలహా ముందే చెబుతాను, కారణాలు తర్వాత చూద్దాం. చిన్న కుక్కకు కాలర్ చిరునామా కోసం. నడకకు హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీ. కట్టేయడానికి రెండూ కాదు.

కారణం మెడలోనే ఉంది. కుక్క శ్వాసనాళాన్ని తెరిచి ఉంచేవి మృదులాస్థి వలయాలు. పొమేరియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా, టాయ్ పూడుల్ వంటి బుల్లి జాతుల్లో ఈ వలయాలు వయసుతో పాటు బలహీనపడి, నాళం చదునుగా కుంగిపోయే జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. బాతు అరుపులాంటి పొడి దగ్గు దాని గుర్తు. కాలర్ వల్లనే ఈ జబ్బు పుడుతుందని అనలేం కానీ, ఉన్నదాన్ని మెడ మీద పడే లాగుడు రేపుతుంది. కళ్ల సంగతీ ఉంది. కాలర్ మీద లాగుడు పడినప్పుడు కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందని, హార్నెస్ మీద అంతే లాగుడు పడితే అలా పెరగడం లేదని 2006లో వెలువడిన ఒక పశువైద్య పరిశోధన చూపింది. గుండ్రటి కళ్లు ముందుకు పొడుచుకుని ఉండే పగ్, షిట్జూ వంటి జాతులకు ఇది తేలిగ్గా తీసుకోదగిన మాట కాదు.

అలాంటప్పుడు కాలర్ మానేసి హార్నెస్ ఒక్కటే కొంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. హార్నెస్ ఇంట్లో రోజంతా ఉంచేది కాదు, చంకల కింద ఒరుసుకుంటుంది. తలుపు తెరిచిన క్షణంలో కుక్క బయటికి దూసుకుపోయేది ఇంట్లో ఉన్నప్పుడే కదా! అప్పుడు దాని మెడలో మీ ఫోను నంబరు ఉండాలి. మైక్రోచిప్ వేయించాం కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. చర్మం కింద ఉండే ఆ చిప్‌లో 15 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, అంతే. అది కుక్క ఎక్కడుందో చెప్పదు, స్కానర్ లేనివాడికి ఏమీ చెప్పదు. వీధి చివర కిరాణా కొట్టు యజమానికి కుక్క దొరికితే ఆయన చదవగలిగేది మెడలోని బిళ్లనే.

రకాలు ఎన్ని ఉన్నా పోటీ రెండింటి మధ్యే

మార్కెట్‌లో దొరికే కాలర్లలో చిన్న కుక్కకు నిజంగా ఆలోచించవలసినవి రెండు: ప్లాస్టిక్ క్లిప్ ఉన్న నైలాన్ పట్టీ, బకిల్ ఉన్న తోలు పట్టీ.

కొత్తగా అలవాటు చేస్తున్న మొదటి నెలల్లో నా ఓటు క్లిప్‌కే. అలవాటు చేయడమంటే రోజుకు చాలాసార్లు వేసి తీయడం. బకిల్‌లో నాలుకను రంధ్రంలో దూర్చి, కొసను వెనక్కి లాగి సర్దేలోపు కుక్కపిల్ల నాలుగు సార్లు తల తిప్పుతుంది, మీ వేళ్లు కొరుకుతుంది, చివరికి మెడ దగ్గరికి చేతులు వస్తేనే పారిపోవడం నేర్చుకుంటుంది. క్లిప్ ఒక్క నొక్కుతో పని ముగిస్తుంది. బరువూ తక్కువే. పొడవు సర్దుకునే పట్టీ కాబట్టి పిల్ల పెరిగే కొద్దీ వదులు చేసుకోవచ్చు, బకిల్‌లా రంధ్రాల లెక్కకు కట్టుబడనక్కరలేదు.

క్లిప్‌కు రెండు లోపాలున్నాయి. ఒకటి శబ్దం. చెవి పక్కనే "టక్" మంటే కొన్ని పిల్లలు అదిరిపడతాయి. దీనికి మందు సులువు: కాలర్ మెడకు పెట్టకముందే, దూరంగా చేతిలో పట్టుకుని టక్ అనిపించి ఒక తిండి ముక్క ఇవ్వండి. కొన్నిసార్లు ఇలా చేశాక ఆ శబ్దం వినగానే పిల్ల మీ చేతి వైపు చూస్తుంది. రెండోది నాణ్యత. చవకరకం క్లిప్పుల పళ్లు త్వరగా అరిగిపోతాయి. కొనేటప్పుడు క్లిప్ పెట్టి రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి, దుకాణదారు ఏమనుకున్నా సరే.

ఎదిగిన కుక్కకు, ఇక రోజూ వేసి తీసే పని లేనప్పుడు, మెత్తటి తోలు బకిల్ కాలర్ హుందాగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల తేమలో, వర్షాకాలంలో తోలుకు బూజు పడుతుంది, తడిసి ఆరితే బిరుసెక్కుతుంది. వారానికోసారి స్నానం చేయించే ఇంట్లో తోలు కంటే నైలానే నయం, స్నానం ముందు తీసి, ఒళ్లు పూర్తిగా ఆరాక మాత్రమే మళ్లీ వేయాలన్న నియమంతో. తడి పట్టీ కింద చర్మం ఎర్రబడటం మన వాతావరణంలో తరచూ జరిగేదే.

పొమేరియన్, షిట్జూ, లాసా ఆప్సో వంటి ఒత్తు జుట్టు కుక్కలకు వెడల్పు పట్టీ వేస్తే మెడ చుట్టూ జుట్టు చిక్కుపడి ఉండలు కడుతుంది. గుండ్రంగా చుట్టి కుట్టిన సన్నటి తోలు కాలర్ ఒకటి వస్తుంది, అది జుట్టులోకి దిగిపోయి చిక్కు తగ్గిస్తుంది. దాన్ని కేవలం బిళ్ల మోయడానికే వాడాలి. సన్నగా ఉంటుంది కనుక తాడు తగిలించి లాగితే మెడను కోసినంత పని చేస్తుంది.

ఎక్కడైనా చిక్కుకుని లాగుడు పడితే దానంతట అదే విడిపోయే రక్షణ కాలర్లు కూడా ఉన్నాయి. ఇంట్లో రెండు కుక్కలు ఒకదాన్నొకటి మెడ పట్టుకుని ఆడుకుంటూ ఉంటే ఇది మంచి ఎంపిక, ఎందుకంటే ఒకదాని దవడ మరొకదాని కాలర్‌లో ఇరుక్కుంటే రెండూ భయంతో తిరగబడతాయి, కాలర్ మెలిపడి ఊపిరాడదు. తాడు తగిలించడానికి మాత్రం ఇది అసలు పనికిరాదు. విడిపోవడమే దాని గుణం కదా.

ఇనుప గొలుసు, లాగితే బిగుసుకునే గొలుసు, లోపలికి ముళ్లున్న కాలర్, వీటి గురించి పోలిక రాయడం కూడా అనవసరం. చిన్న కుక్క మెడకు ఇవేవీ వద్దు.

నల్లతాడు, మువ్వలు

మన ఇళ్లలో కుక్కపిల్లకు మొదట పడేది దుకాణపు కాలర్ కాదు, దిష్టికి కట్టే నల్లతాడు. దానికి రెండు మువ్వలు. ముద్దుగా ఉంటుంది, నడుస్తుంటే ఘల్లుమంటుంది, కాదనను. అయితే ఇది అన్నింటికంటే ప్రమాదకరమైన కాలర్ అని పశువైద్యుల దగ్గర కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. తాడుకు ముడే తప్ప సర్దుబాటు ఉండదు. రెండు నెలల పిల్ల నాలుగు నెలలు వచ్చేసరికి మెడ చాలా లావెక్కుతుంది. జుట్టు కింద తాడు కనబడదు. ఎవరూ గమనించని రోజుల్లో అది చర్మంలోకి దిగిపోతుంది, పుండు పడుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. అప్పుడు మత్తు ఇచ్చి కత్తిరించి తీయాల్సిందే. ఒకసారి ముద్దుచేసి తాడో రిబ్బనో కట్టి ఆ తర్వాత పట్టించుకోని వీధికుక్క పిల్లల్లో ఈ దుస్థితి చూస్తుంటాం.

దిష్టి తాడు కట్టాలనే పెద్దవాళ్ల పట్టుదల ఇంట్లో ఉంటే మధ్యేమార్గం ఉంది: క్లిప్ కాలర్ కొని దానికే నల్లదారం చుట్టండి. కాలర్ వదులు చేసినప్పుడల్లా దారం కూడా వదులవుతుంది. మువ్వ విషయంలో నేను కాస్త కఠినం. మనకంటే ఎంతో సూక్ష్మంగా వినే జంతువు చెవి కిందే రోజంతా గణగణ మోగడం దానికి సుఖం కాదు. కొత్త కాలర్‌కు భయపడే పిల్లకైతే భయాన్ని రెట్టింపు చేస్తుంది. పైగా ఊడిపడిన మువ్వ నేరుగా నోట్లోకి పోతుంది. ఇదే కారణంగా రెండు మూడు బిళ్లలు కలిపి వేలాడదీయడమూ మంచిది కాదు. పట్టీకే అతుక్కుని ఉండే రేకు బిళ్ల అయితే మోగదు, నీళ్ల గిన్నె అంచుకు తగిలి చప్పుడు కాదు. అది దొరకకపోతే పట్టీ మీదే చెరగని సిరాతో నంబరు రాసుకోవచ్చు.

గోమార్ల కాలర్ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెండూ ఒకటే అనుకుని అదే మొదటి కాలర్‌గా వేస్తారు. అది మందు. పిల్ల వయసు, బరువు చూసి డాక్టరు వేయమంటేనే వేయాలి. కొత్త కాలర్‌ను నోటితో అందుకుని నమలడానికి ప్రయత్నించే దశలో ఉన్న పిల్ల మెడలో మందు పూసిన పట్టీ ఉండటం ఎంత ముప్పో చెప్పనక్కరలేదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త: కుక్కల మందుల్లో వాడే పర్మెత్రిన్ పిల్లులకు విషం. ముందు మామూలు కాలర్ అలవాటు కానివ్వండి.

కొలత

మెత్తటి టైలర్ టేపుతో మెడ కొలవండి. టేపు లేకపోతే దారంతో కొలిచి స్కేలు మీద పెట్టండి. పట్టీ వేశాక దానికీ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టాలన్నది అందరూ చెప్పే సూత్రం. కానీ కిలోన్నర పిల్లకు పెద్దమనిషి రెండు వేళ్లు దూరేంత వదులుంటే అది చాలా వదులు. దానికి ఒక వేలు చాలు. వదులైతే నష్టమేమిటి అనుకోకండి. గీరుకునేటప్పుడు ముందరి కాలు అందులో దూరిపోతుంది, లేదా కింది దవడ ఇరుక్కుంటుంది. కాలర్ అంటే భయం పుట్టడానికి అలాంటి ఒక్క సంఘటన చాలు, ఆ తర్వాత నెలల తరబడి బుజ్జగించాలి.

వెడల్పు ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర దాకా. బరువును చేతితో తూచి చూడండి, మెడ వంచేంత బరువైన బకిల్, ఇత్తడి రింగులు, పూసల అలంకరణ అక్కరలేదు. పెరుగుతున్న పిల్లకు వారానికోసారి వేలు పెట్టి చూడటం తప్పనిసరి, ఒత్తు జుట్టు కుక్కకైతే వేలు చర్మం దాకా పోవాలి. మొదటి కాలర్ ఖరీదైనది కొనకండి. ఆరు నెలల్లో అది ఎలాగూ పొట్టిదవుతుంది.

పొమేరియన్ అని కొన్నవాళ్లకు ఇంకో మాట. అసలు పొమేరియన్ ఎదిగాక మూడు కిలోలకు అటూఇటూ ఉంటుంది. మన ఊళ్లలో ఆ పేరుతో పెరిగే తెల్ల కుక్కల్లో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్, దాని బరువు ఐదు కిలోలు సులువుగా దాటుతుంది. ప్యాకెట్ మీద జాతి పేరు చూసి ఆన్‌లైన్‌లో సైజు ఎంచుకుంటే తిప్పి పంపే పని పడుతుంది. మెడ కొలతే చూడండి.

ఒకేసారి వేయడమా, మెట్టు మెట్టుగానా?

కాలర్ కంటే ఈ ఎంపికే ముఖ్యం. అలవాటు చేయడానికి ఇళ్లలో కనిపించే పద్ధతులు మూడు.

మొదటిది, వేసి వదిలేయడం. "రెండు రోజులు గింజుకుంటుంది, తర్వాత అదే అలవాటు పడుతుంది" అంటారు. నిజమే, చాలా పిల్లలు అలవాటు పడతాయి. కానీ గింజుకోవడం ఆగిందంటే ప్రతిసారీ అలవాటైనట్టు కాదు. తోక కిందికి వేసి, ఒక మూల కదలకుండా కూర్చుని, ఇష్టమైన తిండి పెట్టినా ముట్టకుండా ఉంటే అది భయంతో బిగుసుకుపోవడం. దాన్ని చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోవడం మామూలే. ఈ పద్ధతిని నేను ఎవరికీ చెప్పను.

రెండోది, వేసి మరిపించడం. అన్నం గిన్నె సిద్ధం చేసి, కాలర్ వేసి, వెంటనే గిన్నె ముందు పెట్టడం. తినడం అయ్యాక కాసేపు బంతితో ఆడించి, ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసేయడం. మరుసటి పూట మళ్లీ. ప్రతిసారీ కొంచెం ఎక్కువ సేపు. చొరవగా ఉండే, తిండి అంటే పడిచచ్చే, రెండు మూడు నెలల పిల్లకు ఇంతకంటే మంచి దారి లేదు. చాలావరకు కొద్ది రోజుల్లోనే మెడలో ఏదో ఉందన్న ధ్యాస పోతుంది. ఇంట్లో అందరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లయితే సమయం తక్కువ పట్టేదీ ఇదే.

మూడోది మెట్టు మెట్టుగా. పిరికి పిల్లకు, ఇంతకుముందు గొలుసుతో కట్టేసిన చోట నుంచి తెచ్చుకున్న కుక్కకు, కాలర్ చూస్తేనే సోఫా కిందికి దూరే కుక్కకు ఇదే దారి. కాలర్ నేల మీద పెట్టి, కుక్క దాని వైపు చూస్తే ఒక ముక్క ఇవ్వండి. వాసన చూస్తే ఇంకో ముక్క. తర్వాత కాలర్‌ను దాని భుజానికి తాకించి ముక్క. ఆ తర్వాత క్లిప్ పెట్టకుండా మెడ చుట్టూ ఒక్క క్షణం ఆనించి ముక్క. తర్వాత పెట్టి వెంటనే తీయడం. తర్వాత పది లెక్కపెట్టేంత సేపు. ఒక్కో మెట్టు దగ్గర కుక్క ఒళ్లు వదులుగా, తోక మామూలుగా ఉంటేనే పై మెట్టు. పెదవులు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, ఇవన్నీ "ఇక చాలు" అనే సంకేతాలు. ఒక్కో విడత రెండు మూడు నిమిషాలు మించనక్కరలేదు. రోజుకు మూడు నాలుగు విడతలు చేయగలిగితే మంచిది. వారం పట్టవచ్చు, మూడు వారాలు పట్టవచ్చు, తొందర పడితే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇందులో ఎక్కువమంది తడబడేది క్రమం దగ్గర. ముందు తిండి చూపించి, కుక్క దగ్గరికి రాగానే కాలర్ తగిలిస్తారు. నాలుగు సార్లు ఇలా జరిగితే కుక్క తిండినే అనుమానిస్తుంది, చికెన్ ముక్క చూపినా వెనక్కి నడుస్తుంది. కాలర్ ముందు కనబడాలి, తిండి తర్వాత రావాలి. కాలర్ ఉన్నంతసేపే తిండి, తీయగానే తిండి బంద్. అప్పుడు కాలర్ వస్తే మంచి జరుగుతుందన్న లెక్క కుక్కకు తనంతట తానే అందుతుంది.

తిండి అంటే శనగ గింజంత ముక్కలు. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్, ఉడికిన గుడ్డు తెల్లసొన, పనీర్ ముక్క, చిన్న చపాతీ తునక సరిపోతాయి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు హాని చేస్తాయి కాబట్టి ఇంట్లో పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. మూడు కిలోల జంతువుకు ఈ ముక్కలు కూడా భోజనం కిందే లెక్క. రోజు తిండిలో పదో వంతు మించకుండా చూసుకుని, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి.

మధ్యలో గీరుకుంటే ఏం చేయాలి? మామూలుగా గీరుకుంటుంటే పట్టించుకోనట్టు ఉండి, లేచి నడిచి, బంతి దొర్లించి దృష్టి మళ్లించండి. గీరడం ఆపిన తర్వాత తీయండి. గీరుకోగానే తీస్తే, గీరితే ఊడుతుందని నేర్పినట్టవుతుంది. ఇది మాత్రం మామూలు అసహనానికే. కేకలు పెడుతూ, దొర్లుతూ, నోటితో కాలర్‌ను పట్టి లాగుతూ ఉంటే పాఠాలు పక్కనబెట్టి వెంటనే తీసేయండి, రెండు మెట్లు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంట్లో పెద్దావిడ ఉంటే తొలిరోజే "పాపం, పసిదాని పీక నొక్కుతున్నారు, తీసేయండి" అంటుంది. ఆవిడను విరోధి చేసుకోకుండా ముక్కలు ఇచ్చే పని ఆవిడకే అప్పగించడం నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసిన ఉపాయం. కుక్కకూ కాలర్ అంటే ఇష్టం పుడుతుంది, ఇంట్లో వాదనా తగ్గుతుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి అంటే, ఇంటికి వచ్చి రెండు మూడు రోజులు కుదురుకున్నాక. దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నలభై అయిదు రోజులకే అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే విషయం. దాదాపు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు పిల్ల కొత్త వస్తువులను తేలిగ్గా ఒప్పుకునే వయసు. పార్వో, డిస్టెంపర్ టీకాలు పూర్తికాక బయటికి తీసుకెళ్లవద్దని డాక్టరు చెప్పేదీ ఆ వారాల్లోనే. కాబట్టి ఇంట్లో కూర్చోవలసిన ఆ కాలాన్ని కాలర్‌కు, హార్నెస్‌కు వాడుకుంటే, టీకాలు అయ్యేసరికి పిల్ల నడకకు సిద్ధంగా ఉంటుంది. ఎదిగిన కుక్కకు అలవాటు కాదని కాదు, కాస్త ఎక్కువ ఓపిక పడుతుంది.

కాలర్ కుదిరాక ఇంకో చిన్న పాఠం ఉంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. చేత్తో కాలర్‌ను పట్టుకోవడం. అలవాటు లేని కుక్క, మెడ పట్టుకుని లాగితే చటుక్కున తిరిగి కొరుకుతుంది. రోజూ ఒకటి రెండు సార్లు నెమ్మదిగా కాలర్ కింద వేలు పెట్టి, ఒక ముక్క ఇచ్చి వదిలేయండి. లిఫ్టు తలుపు దగ్గర, రోడ్డు పక్కన గబుక్కున పట్టుకోవలసి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

నడకకు హార్నెస్, రెండు తరహాల్లో

తాడును కాలర్‌తో పాటే మొదటి రోజు తగిలించకండి. రెండు కొత్తదనాలు ఒకేసారి వద్దు. కాలర్ మరిచిపోయాక హార్నెస్, దాని తర్వాత తాడు.

తల మీదుగా తొడిగే హార్నెస్, కాళ్లు రెండు గళ్లలో పెట్టించి వీపు మీద క్లిప్ పెట్టే హార్నెస్, ఇవి రెండూ దుకాణాల్లో దొరుకుతాయి. ముఖం మీదికి ఏదైనా వస్తే బెదిరే పిల్లకు రెండోది మేలు. పాదాలు ముట్టుకోనివ్వని కుక్కకు మొదటిది. రెండూ ఒప్పుకునే కుక్కకైతే ఛాతీ మీద ఆంగ్ల అక్షరం వై ఆకారంలో పట్టీలు వచ్చేది ఎంచుకోండి. భుజాలకు అడ్డంగా పట్టీ ఉన్నది అడుగు సాగనివ్వదు. చంక దగ్గర పట్టీకీ కాలికీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. చిన్న చొక్కాలా ఒళ్లంతా కప్పే బట్ట హార్నెస్‌లు చూడటానికి బాగుంటాయి. చలికాలం పొద్దున ఫరవాలేదు, విజయవాడ మే నెలలో ఒత్తు జుట్టు కుక్కకు అవి వేయడం అన్యాయం.

తాడు తేలికగా, దాని కొక్కెం చిన్నదిగా ఉండాలి. పెద్ద కుక్కల ఇత్తడి కొక్కెం చిన్నదాని వీపు మీద కొట్టుకుంటుంది. బొత్తాం నొక్కితే చుట్టుకుపోయే తాడు మొదటి కుక్కకు వద్దంటాను: దానిలో ఎప్పుడూ కొంత బిగువు ఉంటుంది, అంటే లాగితేనే ముందుకు వెళ్లగలమని కుక్కకు నేర్పుతుంది.

జాతుల వారీగా తొందరగా చెప్పేస్తాను. పగ్‌కు తాడు కాలర్‌కు తగిలించనే వద్దు. మెడ తలంత లావు కాబట్టి వెనక్కి లాగితే జారిపోతుంది, ఊపిరి కష్టం సరేసరి. డాక్స్‌హుండ్‌కు పొడవాటి వీపు, వెన్నుపూసల మధ్య డిస్కు జబ్బు ఎక్కువ. వీపుకు హత్తుకునే హార్నెస్, కుదుపు లేని నడక కావాలి. వీధి నుంచి తెచ్చుకున్న దేశీ పిల్ల చిన్నగా ఉన్నా అలాగే ఉండిపోదు, దానికి సర్దుకునే క్లిప్ కాలర్ తప్ప వేరేది దండగ. బెదురు ఎక్కువున్న దేశీ కుక్కను తొలి నెలల్లో హార్నెస్‌కూ కాలర్‌కూ రెండు తాళ్లు వేసి నడిపించడం మంచిది. ఒకటి జారినా రెండోది ఉంటుంది, లాగుడు మాత్రం హార్నెస్ మీదే పడాలి.

రాత్రి తీయాలా, ఉంచాలా?

దీని మీద కుక్కలు పెంచేవాళ్లలో ఏకాభిప్రాయం లేదు. తలుపులు మూసి ఉండే అపార్ట్‌మెంట్‌లో, మనుషులు నిద్రపోయేటప్పుడు తీసేయడమే నాకు నచ్చుతుంది. చర్మానికి గాలి తగులుతుంది, చిక్కుకునే భయం ఉండదు, పొద్దున మళ్లీ వేసే అవకాశం దొరుకుతుంది. కుక్కను బోనులో ఒంటరిగా ఉంచి వెళ్లేటప్పుడైతే తప్పకుండా తీయాలి, ఊచలకు కాలర్ తగులుకుంటే విడిపించే మనిషి ఉండడు. ఇక గేటు ఎప్పుడూ సగం తెరిచి ఉండే ఇంట్లో, పనివాళ్లు, పాలబ్బాయి వచ్చిపోతుండే ఇంట్లో, పగలు మెడలో బిళ్ల లేకుండా ఉంచడమే పెద్ద ముప్పు.

కట్టేయడం కోసమే కాలర్ కొంటున్నవాళ్లకు చట్టం ఒకటి గుర్తుచేయాలి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960, సెక్షన్ 11 ప్రకారం మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేసి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరమే. చిన్న కుక్కను కాపలా పేరుతో మెట్ల కింద కట్టేస్తే అది కాపలా కాయదు, మొరుగుతూ మెడ నొప్పి తెచ్చుకుంటుంది. హద్దు కావాలంటే వంటింటి గుమ్మానికి చిన్నపిల్లల కోసం పెట్టే అడ్డు గేటు కొనండి.

రెండు మూడు వారాలు సవ్యంగా ప్రయత్నించినా గీరుకోవడం ఆగకపోతే పిల్ల మొండిదని తేల్చేయకండి. కాలర్ తీసేసి చూడండి. అప్పుడూ గీరుకుంటుంటే కారణం కాలర్ కాదు: చెవిలో ఇన్‌ఫెక్షన్, మెడ జుట్టులో గోమార్లు, చర్మం మీద ఫంగస్ ఏదైనా కావచ్చు. కాలర్ వేసినప్పుడే ఎర్రటి చార పడుతుంటే నైలాన్ అంచు కోస్తున్నట్టు, లేదా ఆ రంగు పడనట్టు. మెత్తటి నూలు పట్టీకి మారి చూడండి. వేసినప్పుడల్లా దగ్గు వస్తుంటే ఇంటి చిట్కాలు మాని పశువైద్యుడికి చూపించండి. దగ్గుతున్నప్పుడు ఫోనులో వీడియో తీసి పెట్టుకుంటే మంచిది, ఆసుపత్రి బల్ల మీద కుక్క దగ్గకపోవచ్చు.

కొత్త పిల్ల దసరా ముందు ఇంటికి వచ్చినట్టయితే మాత్రం పద్ధతి ఏదైనా దీపావళిలోపు కాలర్, బిళ్ల మెడలో కుదురుకునేలా చూడండి. ఏడాదిలో కుక్కలు ఎక్కువగా తప్పిపోయే రోజుల్లో అది ఒకటి. టపాసు చప్పుడుకు బెదిరిన చిన్న కుక్క మనిషి కాళ్ల సందులోంచే జారిపోతుంది. పండగకు వారం ముందే కాలర్ బిగువు చూసి, బిళ్ల మీది నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అని సరిచూడండి. ఆ సాయంత్రం బహిర్భూమికి దించేది చీకటి పడకముందే, కాలర్, హార్నెస్ రెండూ వేసి.